నెలవారీ లెన్సులు: ఆరు నెలల్లో రెండోసారి కన్ను ఎర్రబడింది, తప్పు ఎక్కడ?

సోడాబుడ్డి_మాజీ
మైనస్ అయిదున్నర పవరు. నెలవారీ సాఫ్ట్ లెన్సులు వాడబట్టి రెండేళ్ళవుతోంది. మొదటి ఏడాదిన్నర ఏ గొడవా లేదు. ఈ ఆరు నెలల్లోనే రెండుసార్లు కన్ను ఎర్రబడింది, రెండుసార్లూ కుడి కన్నే. మొదటిసారి దానంతటదే తగ్గింది. మొన్నటిది మాత్రం పొద్దున నలుసు పడ్డట్టు గరగరతో మొదలై, సాయంత్రానికి ట్యూబ్‌లైటు వైపు కూడా చూడలేని స్థితికి తెచ్చింది. డాక్టరు పసుపు రంగు చుక్క వేసి, నీలం లైటులో చూసి, కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పొర, దాని అంచు దగ్గర చిన్న పుండు పడిందన్నారు. గంటగంటకీ చుక్కలు, వారం రోజులు ఇంట్లోనే. ఇప్పుడు తగ్గింది, కానీ నెలపాటు లెన్సుల జోలికి పోవద్దన్నారు.

నా ఉక్రోషం ఏంటంటే, నేను చేతులు కడుక్కోకుండా లెన్సు ముట్టుకోను. రోజూ సొల్యూషన్‌లోనే పెడతాను. గడువు దాటిన లెన్సు ఒక్కరోజు కూడా వాడలేదు. నా రూమ్మేటు అయితే సగం రోజులు లెన్సులతోనే నిద్రపోతాడు, వాడి కళ్ళు ముత్యాల్లా ఉంటాయి. కంపెనీ మార్చాలా? లేక లెన్సులకో దణ్ణం పెట్టేసి మళ్ళీ సోడాబుడ్డి తగిలించుకోవాలా?

గుడ్లగూబ
మీరు లెన్సులతో పడుకుంటారా? నిజం చెప్పండి, ఇక్కడెవరూ కొట్టరు.

సోడాబుడ్డి_మాజీ
పడుకోను. ప్రయాణంలో ఎప్పుడైనా ఒక కునుకు, అంతే.

గుడ్లగూబ
"అంతే" అన్నారు చూశారా, అక్కడే ఏదో ఉంది.

రాత్రిబండి
ఇదంతా ఒంటి తత్వాన్ని బట్టి ఉంటుంది బాసూ. నేను పదేళ్ళుగా పెట్టుకునే పడుకుంటున్నా. రాత్రి డ్యూటీలు, తెల్లారి ఇంటికొచ్చాక ఒళ్ళు తెలీదు, ఇంక లెన్సులు తీసే ఓపిక ఎక్కడ? నా కళ్ళు చెక్కుచెదరలేదు. భయపెట్టి సొల్యూషన్ అమ్ముకునే వ్యవహారం ఇది.

రెప్పపాటు
రాత్రిబండి గారూ, మీకేం కాకపోవడం మీ అదృష్టం. దాన్ని సలహాగా మాత్రం పంచకండి. నేను ఆప్టోమెట్రిస్టుని, లెన్సులు అమర్చడం నా రోజువారీ పని.

కార్నియాలో, అదే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరలో, రక్తనాళాలు ఉండవు. దానికి ఆక్సిజన్ చాలామటుకు గాలి నుంచే అందాలి. కన్ను మూస్తేనే ఆ గాలి తగ్గిపోతుంది, పైన లెన్సు కూడా ఉంటే ఇంకా తగ్గుతుంది. పైపొర నీరసపడుతుంది, సన్నగా గీరుకుంటుంది. మెలకువగా ఉన్నప్పుడు రెప్ప ఆడుతూ కన్నీటితో తుడిచేసే క్రిములు, నిద్రలో లెన్సు కింద వెచ్చగా కాపురం పెడతాయి. 1989లో అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో లెక్క తీస్తే, పగలు మాత్రమే సాఫ్ట్ లెన్సులు పెట్టుకునే ప్రతి 10,000 మందిలో ఏడాదికి నలుగురికి కార్నియా పుండ్లు పడ్డాయి. రాత్రిళ్ళు కూడా ఉంచుకునేవాళ్ళలో 21 మందికి. ఆ తర్వాత ఆక్సిజన్ బాగా పోనిచ్చే సిలికాన్ హైడ్రోజెల్ లెన్సులు వచ్చాయి. అందరూ ఇంక పరవాలేదనుకున్నారు. ఎర్రదనం, వాపు తగ్గాయి గానీ నిద్రలో పట్టే ఇన్‌ఫెక్షన్ల లెక్క మాత్రం దిగిరాలేదు. అంటే గాలి ఒక్కటే కాదు సమస్య.

రాత్రిబండి
10,000లో 21 మంది. అంటే 9,979 మంది నా పార్టీ.

గుడ్లగూబ
ఏడాదికి అన్నారు. మీరు పదేళ్ళు కట్టారు పందెం.

కొత్తచూపు
సోడాబుడ్డి గారు పడుకోనంటున్నారు కదా, మరి పుండు ఎందుకొచ్చింది? నేను గత వారమే లెన్సులు మొదలెట్టాను, ఈ చర్చ చదివి చేతులు వణుకుతున్నాయి.

రెప్పపాటు
మంచి ప్రశ్న. అందుకే నేను లెన్సు గురించి అడగను, డబ్బీ గురించి అడుగుతాను. సోడాబుడ్డి గారూ, పొద్దున లెన్సులు పెట్టుకున్న తర్వాత డబ్బీని ఏం చేస్తారు? అలవాటుగా చేసేదే చెప్పండి, చేయాల్సింది కాదు.

సోడాబుడ్డి_మాజీ
పంపు కింద శుభ్రంగా కడిగి, మూతలు బిగించి, బాత్రూమ్ సింకు పక్కన గట్టు మీద పెడతాను. సొల్యూషన్ రాత్రి బాగానే ఉంటే పారబొయ్యను, రాత్రికి పైన కాస్త కలుపుతాను. అలా వారానికోసారి మొత్తం మారుస్తాను. ఒక్క నిమిషం... ఇది ఇలా రాస్తుంటే నాకే ఏదోలా ఉంది.

గుడ్లగూబ
దొరికాడు దొంగ.

నురగ
కడిగితే సొల్యూషన్ ఎలా మిగులుతుందండీ? రెండూ ఒకేరోజు జరగవే!

సోడాబుడ్డి_మాజీ
కడిగేది వారానికోసారి, మొత్తం మార్చే రోజు. మిగతా రోజులు తీరిక ఉండదు, కొద్దిగా టాప్ అప్. సెల్‌ఫోను రీచార్జి లాగా.

రెప్పపాటు
ఇక్కడ రెండు తప్పులున్నాయి, రెండూ ఒకదానికొకటి చేయూత.

సొల్యూషన్‌లోని మందు ఒక్క రాత్రి పనిచేయడానికి కొలిచిపెట్టింది. రాత్రంతా క్రిములతో కొట్లాడి, కొంత లెన్సులోకీ కొంత ప్లాస్టిక్‌లోకీ ఇంకిపోయి, పొద్దుటికి సత్తువ తగ్గి ఉంటుంది. దాని మీద కొత్తది పోస్తే కొత్తదీ పలచబడిపోతుంది. 2006లో ఫ్యుజేరియం అనే బూజు కార్నియాకి పట్టి పెద్ద గొడవైంది. అమెరికాలోనే 164 కేసులు నిర్ధారించారు, ఒక సొల్యూషన్‌ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. అప్పుడు తేలిన వాటిలో ఇదొకటి: పాత సొల్యూషన్ మీదే మళ్ళీ పోసుకునేవాళ్ళకి ముప్పు ఎక్కువ.

ఇక పంపు నీళ్ళు. తాగడానికి పనికొచ్చినంత మాత్రాన కంటికి పనికిరావు. పొట్టలో ఆమ్లం ఉంది, కంట్లో లేదు. తడి డబ్బీకి మూత బిగిస్తే అది నీటి తొట్టె, అంతే. గోడలకి పాచి పడుతుంది. పాచి లోపల దాక్కున్న బాక్టీరియాకి సొల్యూషన్ సరిగ్గా తగలదు. కార్నియా పుండ్లలో మేం తరచు చూసే సూడోమోనాస్ అనే బాక్టీరియాకి ఇలాంటి తడి మూలలంటే ప్రాణం.

మీ కుడి గిన్నె మూత విప్పి, మరలు ఉన్న చోట గోరుతో గీరి చూడండి.

సోడాబుడ్డి_మాజీ
చూశాను.

ఎడమ గిన్నె బాగానే ఉంది. కుడి మూత లోపలి అంచు చుట్టూ దారం మందాన తెల్లగా, లేత గోధుమరంగులో గీత. ఇన్నాళ్ళూ ప్లాస్టిక్ అచ్చులో వచ్చిందే అనుకున్నాను. గోరు పెడితే జారింది. వేళ్ళ మధ్య రాస్తే సబ్బులా జిగట. వాసన లేదు. గిన్నె అడుగున "కుడి" అక్షరం గుంటలో కూడా అదే.

ఆరు నెలలుగా దీన్లోంచి తీసి కంట్లో పెట్టుకున్నాను. అన్నం సహించేలా లేదు ఈ పూట.

గుడ్లగూబ
కుడి కన్నే ఎందుకు అన్న మీ మొదటి ప్రశ్నకి జవాబు మీ గోటి కింద ఉంది. ముందు చెయ్యి కడుక్కోండి.

రెప్పపాటు
ఖచ్చితంగా అదే అని కల్చర్ చేయకుండా, అంటే ల్యాబులో క్రిముల్ని పెంచి చూడకుండా, చెప్పలేం. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు లెన్సు, డబ్బీ తీసుకెళ్ళారా?

సోడాబుడ్డి_మాజీ
లెన్సు పీకి చెత్తబుట్టలో పారేశాను కోపంతో.

రెప్పపాటు
ఇంకెవరికైనా ఈ పరిస్థితి వస్తే పారేయకండి. లెన్సుని డబ్బీలోనే ఉంచి సీసాతో సహా పట్టుకెళ్ళండి. కంటి నుంచి తీసిన నమూనాలో ఏమీ మొలవకపోయినా కొన్నిసార్లు డబ్బీలో దొంగ దొరుకుతాడు.

ఒంటికన్ను_కాదింకా
సోడాబుడ్డి గారూ, మీది అంచు దగ్గరే ఆగింది. నాది మధ్యకి వచ్చింది. నాలుగేళ్ళ కిందటి మాట.

నేను పాత సొల్యూషన్ వాడలేదు, లెన్సులతో పడుకోలేదు. నా తప్పు ఒక్కటే, లెన్సులు పెట్టుకున్నాకే స్నానం. షాంపూ సీసా మీద అక్షరాలు కనబడాలి కదా. ఎడమ కన్ను ఎర్రబడింది. మొదట చూసినాయన హెర్పిస్ వైరస్ అనుకుని దానికి మందిచ్చారు. ఆయన్ని తప్పుపట్టను, మొదట్లో రెండూ ఒకేలా ఉంటాయట. మూడు వారాలు అలా పోయాయి. విచిత్రం ఏంటంటే అద్దంలో చూస్తే కన్ను అంత ఘోరంగా లేదు, నొప్పి మాత్రం గుడ్డు వెనక నుంచి కణత దాకా మేకు దిగ్గొట్టినట్టు. నేను నటిస్తున్నానని ఇంట్లో అనుమానపడ్డారు.

పెద్దాసుపత్రిలో కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు కింద పెట్టారు, కార్నియాని పొర పొరగా చూపించే యంత్రం. అకాంతమీబా. మట్టిలో, చెరువులో, కుళాయిలో, ఈతకొలనులో ఎక్కడైనా బతికే ఏకకణ జీవి. రోజులు బాగోలేకపోతే చుట్టూ రెండు పొరల గోడ కట్టుకుని లోపల కూర్చుంటుంది. ఆ గోడని క్లోరిన్ కూడా పెద్దగా ఏమీ చెయ్యలేదు. మందులకి కూడా ఆ గోడ ఒక పట్టాన లొంగదు, అందుకే చికిత్స నెలలు పడుతుంది.

మొదటి రెండు రోజులు గంటకోసారి చుక్కలు, రాత్రి కూడా. మా అమ్మ అలారం పెట్టుకుని లేచేది. కన్ను తెరవబోతే నీళ్ళు కారేవి, చుక్క వేస్తే నిప్పు. కిటికీలకి దుప్పట్లు కట్టాం. నెలయ్యాక రోజుకి ఆరుసార్లు, ఆ తర్వాత నాలుగు. మొత్తం పదకొండు నెలలు. పుండు మానింది, కంట్లో పువ్వు మిగిలింది. రాత్రి ఎదురుగా బండి వస్తే దాని లైటు ఒకటి పదిగా విరుగుతుంది. కార్నియా మార్పిడి అక్కర్లేదన్నారు, ఇప్పటికైతే.

కొత్తచూపు
చదవడానికే భయమేస్తోంది. స్నానానికి ముందు తీసెయ్యాలి, అంతేనా? ముఖం కడుక్కునేటప్పుడు?

ఒంటికన్ను_కాదింకా
అన్నిటికీ. మొదట ముఖం కడుక్కో, తుడుచుకో, తర్వాత చేతులు కడుక్కుని పొడిగా తుడుచుకుని లెన్సు. తడి వేలు మీద లెన్సు ఎక్కించుకున్నా నీళ్ళు కంట్లోకి వెళ్ళినట్టే.

గట్టిపిండం
మా కాలంలో గట్టి లెన్సులు. వాటిని పంపు కిందే కడగమని నేర్పారు, అక్షరాలా అలాగే. ముప్పై ఏళ్ళ అలవాటు. రెండేళ్ళ కిందట మా డాక్టరమ్మ చూసి గట్టిగా కేకలేసింది. గట్టి లెన్సులతో ఇన్‌ఫెక్షన్లు సాఫ్ట్ వాటికన్నా తక్కువే, కానీ అమీబాకి ఆ తేడా తెలీదంది. ఇప్పుడు లెన్సుకి రాసిన క్లీనర్‌ని కూడా సొల్యూషన్‌తోనే కడుగుతున్నా. సీసా త్వరగా అయిపోతోంది, చేతికి సీసా బరువు కూడా అలవాటు లేదు.

ఈతరాయుడు
ఈతకొలనులో లెన్సులు తీసేస్తే నాకు గోడ కనబడదు. మైనస్ ఏడు.

నురగ
పవరు ఉన్న ఈత కళ్ళజోళ్ళు దొరుకుతాయి. అదీ కుదరకపోతే రోజువారీ లెన్సు పెట్టుకుని, పైన బిగుతుగా గాగుల్స్ పెట్టుకుని, బయటికి రాగానే తీసి పారేయండి. మంచి పద్ధతి కాదు, ఉన్న చెడ్డ పద్ధతుల్లో కాస్త నయం.

సోడాబుడ్డి_మాజీ
మళ్ళీ నా సంగతికి వద్దాం. నెల తర్వాత డాక్టరు సరేనంటే డబ్బీని ఎలా చూసుకోవాలి?

నురగ
ఈ డబ్బీ గొడవే వద్దు. పెరాక్సైడ్ సొల్యూషన్‌కి మారండి. నేను అయిదేళ్ళుగా అదే.

పిల్లితలగడ
అయ్య బాబోయ్, నురగ గారూ, సగం చెప్పి వదలకండి! మా చెల్లి ఎవరో చెప్పారని తెచ్చుకుని, సీసా నుంచి నేరుగా లెన్సు మీద పోసి కంట్లో పెట్టుకుంది. ఆ అరుపుకి పక్కింటివాళ్ళు వచ్చారు. రెండు రోజులు కన్ను తెరవలేదు.

నురగ
సారీ, సారీ. అది 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. అందుకే సీసా మూతి ఎర్రగా ఉంటుంది. దాంతో వచ్చే నిలువు డబ్బీలోనే వాడాలి, అడుగున ప్లాటినం పూత బిళ్ళ ఉంటుంది. అది తగిలితే నురగలు కక్కుతూ పెరాక్సైడ్ నీళ్ళూ ఆక్సిజనూగా విడిపోతుంది. కనీసం 6 గంటలు ఆగాలి. మామూలు డబ్బీలో పోస్తే అది విడిపోదు, పిల్లితలగడ గారి చెల్లి అనుభవమే. అర్ధరాత్రి పెట్టి నాలుగింటికి లేచి బండెక్కేవాళ్ళకి పనికిరాదు. నిద్రమత్తులో రెండు సీసాలు పక్కపక్కన ఉంటే మరీ ప్రమాదం.

రెప్పపాటు
రెండూ మంచివే, సరిగ్గా వాడితే. మామూలు సొల్యూషన్ అయితే: లెన్సు తీయగానే అరచేతిలో పెట్టి, నాలుగు చుక్కలు వేసి, వేలి కొసతో రెండు వైపులా రుద్దండి. అట్ట మీద "రుద్దక్కర్లేదు" అని రాసి ఉన్నా రుద్దండి. చాలా క్రిములు ఆ రాపిడికే పోతాయి. తర్వాత సొల్యూషన్‌తో ఇంకోసారి కడిగి, డబ్బీలో కొత్తది పోయండి. పొద్దున అది పారబోసి, డబ్బీని సొల్యూషన్‌తోనే కడిగి, టిష్యూతో లోపల తుడిచి, మూతలు తీసి, వాటిని కూడా పక్కన బోర్లించి ఆరనివ్వండి. బాత్రూమ్‌లో వద్దు. మూడు నెలలకోసారి డబ్బీనే మార్చేయండి. చాలా పెట్టెల్లో సొల్యూషన్‌తో పాటు ఒకటి ఉచితంగానే వస్తుంది, జనం దాన్ని "తర్వాత పనికొస్తుంది" అని దాచుకుంటారు.

గుడ్లగూబ
నా అరలో అలాంటివి ఆరున్నాయి. వాడేది మాత్రం 2019 నాటిది. వెళ్ళి పారేసి వస్తా.

పిల్లితలగడ
సెలైన్ వాడొచ్చా? అదీ స్టెరైలే కదా, చవక కూడా.

రెప్పపాటు
కడగడానికి ఓకే. రాత్రి నానబెట్టడానికి కాదు. అందులో క్రిములని చంపే మందు లేదు, అది ఉప్పు నీరే.

కొత్తచూపు
ఇంకో భయం. లెన్సు కనుగుడ్డు వెనక్కి జారిపోతే?

గుడ్లగూబ
మెదడులోకి వెళ్ళి జ్ఞాపకాలు స్పష్టంగా కనిపిస్తాయి.

రెప్పపాటు
ఆయన మాట వినకండి. వెనక్కి వెళ్ళే దారే లేదు, రెప్ప లోపలి పొర మడతపడి గుడ్డుకి అతుక్కుని ఉంటుంది. మహా అయితే పై రెప్ప కింద ముడుచుకుంటుంది. కింద చూస్తూ రెప్ప మీద మెల్లగా నిమిరితే దిగుతుంది.

తొందరబాబు
నాకూ మొన్న ఎర్రబడింది. ఇంట్లో పాత చుక్కలు ఉంటే వేశాను, ఒక్కరోజులో ఎర్రదనం మాయం. ప్రతిదానికీ డాక్టరు ఎందుకండీ?

ఒంటికన్ను_కాదింకా
ఆ సీసా మీద పేరు చూడండి. చివర "జోన్" లేదా "లోన్" అని ఉందా?

తొందరబాబు
డెక్సామెథాసోన్ అని ఉంది. "సోన్".

ఒంటికన్ను_కాదింకా
స్టెరాయిడ్. అది ఎర్రదనాన్ని దాస్తుంది, క్రిమిని కాదు. బూజో అమీబానో హెర్పిస్సో ఉంటే దానికి పాలు పోసి పెంచినట్టే. నాకు మొదటి మూడు వారాల్లో ఇదీ వేశారు.

రెప్పపాటు
తొందరబాబు గారూ, ఈ రోజే చూపించుకోండి. లెన్సు వాడేవాళ్ళకి కన్ను ఎర్రబడితే మొదట లెన్సు తీసేయడం, కళ్ళజోడు పెట్టుకోవడం. నొప్పి, వెలుతురు పడకపోవడం, చూపు మసకబారడం, పుసి కట్టడం, నల్లగుడ్డు మీద తెల్లచుక్క, వీటిలో ఏ ఒక్కటున్నా తెల్లారేదాకా ఆగొద్దు. కంటికి కట్టు కట్టొద్దు. సూడోమోనాస్ అయితే ఒకటి రెండు రోజుల్లోనే కార్నియాని కరిగించేయగలదు.

తొందరబాబు
వెళ్తున్నా. మీరంతా కలిసి నా మధ్యాహ్నం పాడుచేశారు.

పిల్లితలగడ
కళ్ళజోడు అంటే గుర్తొచ్చింది. మా ఆఫీసులో సగం మందికి లెన్సులున్నాయి, కళ్ళజోడు పవరు మాత్రం మూడేళ్ళ కిందటిది. అది పెట్టుకుంటే కళ్ళు తిరుగుతాయి, అందుకని కన్ను మండుతున్నా లెన్సే పెట్టుకొస్తారు.

సోడాబుడ్డి_మాజీ
నన్ను అంటున్నారా?

తొందరబాబు
వచ్చాను. పుండు లేదు. అలర్జీ, రెప్ప లోపల బొడిపెలు కట్టాయి, లెన్సు మీద పేరుకున్న ప్రొటీన్ పొర వల్లనట. లెన్సు గడువు దాటి ఎన్నాళ్ళయింది అని అడిగారు. నేను లెక్క "పెట్టుకున్న రోజులు" ప్రకారం వేసుకుంటున్నా. వారానికి మూడు రోజులు పెడితే నెల లెన్సు రెండు నెలలు వస్తుందనుకున్నా.

రెప్పపాటు
ప్యాకెట్ తెరిచిన రోజు నుంచి లెక్క. పెట్టుకున్నా పెట్టుకోకపోయినా.

సోడాబుడ్డి_మాజీ
(మూడు వారాల తర్వాత) చెకప్ అయింది. పుండు చోట పొగమంచు లాంటి చిన్న మచ్చ మిగిలింది, అంచున కాబట్టి చూపుకి అడ్డం లేదు. డాక్టరు రోజువారీ లెన్సులు రాశారు, వారానికి నాలుగు రోజులే, మిగతా రోజులు కళ్ళజోడు. పొద్దున తీసి పెట్టుకోవడం, సాయంత్రం పారేయడం, డబ్బీ లేదు, సీసా లేదు. పడుకునే ముందు చెయ్యాల్సిందేదో మర్చిపోయానని ఇప్పటికీ ఉలిక్కిపడి లేస్తున్నా.

రూమ్మేటుకి డబ్బీ మూత చూపించాను. వాడు తన దాన్ని చూసుకోలేదు. కొత్తది కొనుక్కున్నాడు, అంతే.

రాత్రిబండి
నేనూ వెళ్ళానండి, మీ గోల పడలేక. పుండు లేదు. చూశారా? కాకపోతే నల్లగుడ్డు అంచుల్లోకి సన్న రక్తనాళాలు పాకుతున్నాయట, గాలి చాలక. ఆరు నెలలు లెన్సులు బంద్ అన్నారు. కాబట్టి ఈ వాదనలో సగం నేను గెలిచినట్టే.

గుడ్లగూబ
మిగతా సగం ఏ ఫ్రేములో చేయిస్తున్నారు, గుండ్రమా చదరమా?

రాత్రిబండి
చదరం. నలుపు.